ఊపిరి వదిలి ఆపమని ముందే ఒక మాట చెప్తే అయిపోయేది

నిన్న సాయంత్రం గుండె ఎంఆర్ఐ రిపోర్టు చేతికొచ్చింది. గుండెపోటు కాదట. జ్వరం తర్వాత గుండె కండరానికి వచ్చిన వాపు, మయోకార్డైటిస్. కాజీపేటలో రైలు దిగి ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అత్తమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమెకు చెప్పి, నాలుగు ముద్దలు తిని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. సంతోషం సగం, మొదట ఎంఆర్ఐ తీసిన సెంటర్ మీద కోపం సగం. ఆ కోపం చల్లారితే పోనీలే అని నేనే ఊరుకుంటాను, అందుకే ఇవ్వాళే రాస్తున్నాను.

నేను పరకాల వైపు ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. వయసు 44. షుగర్ లేదు, బీపీ లేదు. వినాయక చవితి ముందు ఇంట్లో అందరికీ జ్వరాలు వచ్చి వారంలో తగ్గాయి. తగ్గిన పది రోజులకు, మూడో పీరియడ్‌లో బోర్డు మీద రాస్తుంటే రొమ్ము మీద రోలు పెట్టినట్టయింది. స్టాఫ్ రూంలో కూర్చోబెట్టి అందరూ గ్యాస్ అన్నారు. మగ టీచర్‌కు అదే నొప్పి వస్తే బండి తీసి ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లు. ఆడదానికి గుండె నొప్పి వస్తే సోడా తాగిస్తారు. ఈ మాట ఎవరికి కోపం వచ్చినా రాస్తాను.

హన్మకొండలో చూపిస్తే ఈసీజీలో కొద్దిగా తేడా ఉంది, రక్తంలో ట్రోపోనిన్ పెరిగింది, ఎకో స్కాన్‌లో గుండె పంపింగ్ 48 శాతం వచ్చింది. 55 పైన ఉండాలి. ట్రోపోనిన్ పెరిగిందంటే గుండె కండరం ఎక్కడో దెబ్బతిన్నట్టే, కానీ దేనివల్ల దెబ్బతిన్నదో ఆ అంకె చెప్పదు. ముందు రక్తనాళాల్లో బ్లాకులు ఉన్నాయో లేవో తేలాలని మా డాక్టరు గారు సీటీ కరోనరీ యాంజియో, అంటే గుండె రక్తనాళాలను చూసే స్కాన్, రాశారు.

సీటీ గురించి పెద్దగా చెప్పేది లేదు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష చేశారు, నాలుగు గంటలు ఏమీ తినొద్దన్నారు, ఆ పొద్దున చాయ్ కూడా వద్దన్నారు. నాడి 92 ఉంది, అది 60-65కు దిగితే గానీ బొమ్మ స్పష్టంగా రాదట. మెటోప్రొలాల్ గోలీ ఇచ్చి గంటన్నర కూర్చోబెట్టారు. నాలుక కింద ఇంకో గోలీ పెట్టారు, దానితో కాసేపు తల పగిలిపోయింది. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కినప్పుడు గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది, మూత్రం పోతున్నట్టే అనిపిస్తుంది. అక్కడి అబ్బాయి ‘అమ్మా, గట్ల అనిపిస్తది, భయపడకుండ్రి’ అని ముందే చెప్పాడు కాబట్టి నేను కదల్లేదు. నాళాల్లో పేరుకున్న కాల్షియంను కొలిచే స్కోరు సున్నా, గుండెకు రక్తం తెచ్చే మూడు నాళాలూ శుభ్రం.

బ్లాకులు లేవని మేము మిఠాయి పంచుకున్నాం. డాక్టరు గారు మాత్రం కాగితం మీద గుండె బొమ్మ గీసి, ‘సీటీ పైపులను చూసింది మేడం, గోడను చూడలేదు’ అన్నారు. గోడ అంటే గుండె కండరం, దాని సంగతి ఎంఆర్ఐలోనే బాగా తెలుస్తుందట. గుండె ఎంఆర్ఐ అన్ని చోట్లా తీయరు, తీసినా చదివే రేడియాలజిస్టు ఉండాలి, అందుకని హైదరాబాద్ పంపారు. నా కథంతా ఇక్కడి నుంచే.

మొదట పోయిన సెంటర్ పేరు రాయను. ఉదయం 11 గంటలకు రమ్మన్నారు, లోపలికి పిలిచింది రెండు దాటినంక. హాలు నిండా మనుషులుండగా కౌంటర్ దగ్గరి అమ్మాయి గట్టిగా, ‘ఒంటి మీద లోహం ఒక్కటి ఉండొద్దు, పుస్తెలు, మట్టెలు అన్నీ తీసేయండి’ అంది. లోహం తీయాల్సిందే, అందులో నాకు అభ్యంతరం లేదు. ఎంఆర్ఐ మిషన్ అంటేనే పెద్ద అయస్కాంతం, అది రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచిన తీగచుట్టలో కరెంటు ఆగకుండా తిరుగుతుంది. ఇనుప ముక్క ఏదున్నా ఎగిరొచ్చి అతుక్కుంటుంది. మనం పుస్తెలతాడుకు గుచ్చుకునే పిన్నీసులు, జాకెట్ హుక్కులు, జడలోని పిన్నులు బంగారం కంటే ప్రమాదం. కానీ ఈ మాట అపాయింట్‌మెంట్ ఇచ్చిన రోజే ఫోన్‌లో చెప్పడానికి ఏమయింది? చెప్పి ఉంటే ఇంట్లో అత్తమ్మ చేతుల మీదుగా పుస్తెలు తీసి, పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని వచ్చేదాన్ని. ఇరవై ఏళ్లలో మొదటిసారి పుస్తెలతాడు మెడలోంచి తీసింది అంతమంది ముందు నిలబడి. మా ఆయన దాన్ని పిడికిట్లో పట్టుకుని, జేబులో వేసుకోలేక, నా ముఖం చూడలేక గోడ వైపు తిరిగాడు.

మట్టెలు రాలేదు. జ్వరం తర్వాత కాళ్లు కొద్దిగా ఉబ్బాయి. సబ్బు నీళ్లు అడిగితే టైం లేదన్నారు. ఒక పిల్లగాడు కటింగ్ ప్లేయర్ తెచ్చి, నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఉండగానే కట్ చేశాడు. ఎడమ వేలు గీసుకుని రక్తం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. ఒక ముసలమ్మ మాత్రం తన కొంగు చింపి ఇచ్చి, ‘కట్టుకో బిడ్డా’ అంది. ఆమె ఎవరో తెలియదు, ఆమె వంతు వచ్చేసరికి నేను లోపల ఉన్నాను.

లోపల గౌను ఇచ్చారు, దానికి ముడులు లేవు. బల్ల మీద పడుకోగానే ఒకాయన వచ్చి ఒక్క మాట లేకుండా గౌను కిందికి లాగి ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు అంటించాడు. తలుపు తెరిచే ఉంది. అద్దం అవతల ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. స్టిక్కర్లు ఎందుకో నాకు తెలుసు. గుండె ప్రతి కొట్టుకూ ఒకే దశలో బొమ్మ పట్టుకోవాలంటే ఈసీజీ చూపే గుండె లయ కావాలి. ‘అమ్మా, స్టిక్కర్లు పెట్టాలె’ అంటే నేనే గౌను జరిపేదాన్ని. దుప్పటి ఉంది, అడ్డం తెర ఉంది, వాడలేదు. ఏటా పదో తరగతి పిల్లలకు ప్రసరణ పాఠంలో మేక గుండె కోసి చూపిస్తాను, దాన్ని పళ్లెంలో పెట్టేటప్పుడు కూడా ఇంతకన్నా జాగ్రత్తగా పెడతాను.

ఛాతీ మీద బరువైన పలక కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతిలో రబ్బరు బుగ్గ పెట్టి సొరంగంలోకి తోశారు. బుగ్గ దేనికో చెప్పలేదు. భయమైతే నొక్కమని అని తర్వాత తెలిసింది. టకటకలు, గీకుళ్లు, సైరన్ లాంటి మోతలు. మధ్యలో హిందీలో గొంతు వినపడుతుంది, ‘సాస్ లో, సాస్ ఛోడో, రోకో’. నేను ఊపిరి పీల్చి, వదిలి, ఆపుదామని మళ్లీ కొంచెం పీల్చి పట్టేదాన్ని. ఊపిరి పట్టమంటే ఎవరైనా అదే చేస్తారు, చెరువులో మునిగేటప్పుడు చిన్నప్పటి నుంచి అలవాటైంది అదే. వాళ్లకు కావాల్సింది పూర్తిగా వదిలేసిన దగ్గరే ఆగడం. ఆ తేడా ఎవరూ చెప్పలేదు. అయిదో సారో ఆరో సారో హెడ్‌ఫోన్‌లో తెలుగు వినపడింది. ‘చదువుకున్నోళ్లే కదా మేడం, ఊపిరి పట్టుడు రాదా?’

నేను సొరంగంలో ఏడ్చాను. చేతులు కట్టేసినట్టుంటాయి, తుడుచుకోలేం, కన్నీళ్లు చెవుల్లోకి కారాయి. ఏడిస్తే ఛాతీ కదులుతుంది, నాడి పెరుగుతుంది, తాళం తప్పుతుంది. వాళ్లు ఇంకా విసుక్కున్నారు. నలభై నిమిషాల తర్వాత బయటికి తీసి పొమ్మన్నారు.

మూడు రోజులకు రిపోర్టు వచ్చింది. శ్వాస కదలికల వల్ల బొమ్మలు సరిగా రాలేదు, నిర్ధారణ చేయలేం అని ఉంది. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని అర్థం ‘రోగి సహకరించలేదు’.

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. జీతం లోంచి డబ్బు కట్టి, రక్తం కారే వేలితో బల్లెక్కి, మొగవాళ్ల ముందు ఒళ్లు అప్పగించి పడుకున్న మనిషి సహకరించలేదట. సద్దుల బతుకమ్మ ఆ వారంలోనే. వీధిలో ఆడోళ్లంతా పద్మాక్షి గుట్ట వైపు బతుకమ్మలు ఎత్తుకుని పోతుంటే నేను గేటు దగ్గర కూర్చుని చూశాను. ఆడొద్దని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆడొద్దన్నందుకు నాకు బాధ లేదు. నా గుండె సంగతి ఇంకా తేలకపోవడానికి కారణం నేనేనని ఒక కాగితం మీద ఎవరో రాసి పెట్టారని బాధ.

దసరా తర్వాత డాక్టరు గారే ఫోన్ చేసి ఇంకో చోటికి పంపారు. ఈసారి ఇంట్లోనే అన్నీ సర్దుకున్నాను. పుస్తెలు తీసి అత్తమ్మ పసుపు కొమ్ము కట్టింది. హుక్కులు లేని జాకెట్ కుట్టించుకున్నాను. అక్కడ టెక్నీషియన్ ఒక అమ్మాయి, ముప్పై కూడా ఉండవు. నన్ను బల్ల ఎక్కించక ముందే బెంచీ మీద పక్కన కూర్చుని, నా చెయ్యి నా పొట్ట మీద పెట్టించి చెప్పింది. ‘అక్కా, ఊపిరి మొత్తం ఇడిచిపెట్టాలె. ఇడిచినంక మళ్ల జెరంత కూడ గుంజుకోవద్దు. గాడనే ఆగాలె. పది పన్నెండు సెకన్లే.’ ఎందుకని అడిగితే విసుక్కోలేదు. పీల్చి పట్టినప్పుడు ఒక్కోసారి ఒక్కో లోతున ఆగుతామట, వదిలేసినప్పుడు మాత్రం డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరం, దాదాపు ఒకే చోటికి వస్తుందట. గుండెను పై నుంచి కింది దాకా ముక్కలు ముక్కలుగా బొమ్మ తీస్తారు కాబట్టి, ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ గుండె జరిగితే అవి కుదరవు. అయిదు నిమిషాలు సాధన చేయించింది. దుప్పటి కప్పి, దాని కింద చెయ్యి పెట్టి స్టిక్కర్లు తనే అంటించింది. బుగ్గ ఎందుకో చెప్పింది. ప్రతి మోతకు ముందు ‘అక్కా, ఇప్పుడు పెద్ద సప్పుడు’ అనేది.

గంట సేపు పట్టింది. గాడోలినియం మందు ఎక్కించిన తర్వాత పది నిమిషాలు ఆగి మళ్లీ తీశారు. బాగున్న కండరం లోంచి ఆ మందు తొందరగా వెళ్లిపోతుంది, దెబ్బతిన్న చోట నిలిచిపోయి తెల్లగా కనపడుతుంది. మొత్తంలో రెండే రెండు బొమ్మలు మళ్లీ తీయాల్సి వచ్చిందని ఆ అమ్మాయి చెప్పింది. ఇంత బాగా ఊపిరి ఆపినవాళ్లు తక్కువని కూడా అంది. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. మొదటి సెంటర్ వాళ్లకు చేరాలి.

బొమ్మలు చూపిస్తూ డాక్టరు గారు చెప్పింది విన్నాక నాకు ఇదంతా ఎందుకో అర్థమైంది. గుండెపోటు అయితే తెల్ల మచ్చ లోపలి పొర నుంచి మొదలవుతుంది. రక్తనాళాలు గుండె బయటి వైపున ఉంటాయి, లోపలి పొరకు రక్తం చివరగా చేరుతుంది. మన కాకతీయ కాలువ మీద ఆధారపడ్డ రైతులకు ఇది చెప్పనక్కర్లేదు, నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి మడే. నాకు మచ్చ బయటి పొరలో, పక్క గోడకు ఉంది. లోపలి పొర నల్లగా, శుభ్రంగా ఉంది. దాంతో పాటు కండరంలో నీరు చేరినట్టు కూడా కనపడింది. ఇవి రెండూ ఉంటే మయోకార్డైటిస్ అని, ఎంఆర్ఐలో ఈ వాపును గుర్తించడానికి డాక్టర్లు వాడే లేక్ లూయిస్ ప్రమాణాలు చెప్తాయి. 2009లో రాసి 2018లో సవరించారట. అంటే రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలో నా రోగం పేరు మారిపోతుంది, మందులు మారిపోతాయి. ఊపిరి ఒక్క వేలెడు జరిగితే ఆ తేడా కనపడదు. టెక్నీషియన్ చెప్పే ఆ అయిదు నిమిషాల మాట కోట్ల రూపాయల మిషన్‌లో భాగమే అంటాను నేను.

పోబోయేవాళ్లకు ఒకటి రెండు మాటలు. స్టెంట్ ఉంటే ఎంఆర్ఐ తీయరని మా కొలీగ్ భర్త పోకుండా ఆగిపోయాడు, అది తప్పు, ఇప్పటి స్టెంట్లకు సాధారణంగా ఇబ్బంది లేదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం దాని కార్డు తీసుకుపోయి చూపించాలి. కిడ్నీ జబ్బు ఉంటే సీటీ అయినా ఎంఆర్ఐ అయినా ముందే చెప్పండి. ఆడవాళ్లు లేడీ టెక్నీషియన్ కావాలని ఫోన్‌లోనే అడగండి, లేదంటే ఇంకో చోటు చూసుకోండి. రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకోండి, కాగితం ఒక్కటే ఇస్తే ఊరుకోవద్దు.

మొదటి సెంటర్‌కు ఇవ్వాళ రిజిస్టర్ పోస్టులో ఉత్తరం పెట్టాను. డబ్బులు వాపసు అడగలేదు. ఆ వాక్యం తీసేసి కొత్త రిపోర్టు ఇవ్వమన్నాను. రెండో రిపోర్టు జిరాక్స్ జత చేశాను.

ఆరు నెలలు బరువులు మోయొద్దు, మెట్లు పరుగున ఎక్కొద్దు. తర్వాత ఇంకోసారి ఎంఆర్ఐ తీస్తారు. కట్ అయిన మట్టెలు కాగితంలో చుట్టి దాచాను, పొద్దున అవుసులాయనకు ఇచ్చి వచ్చాను. అతికించి, ఈసారి నా చేత్తో నేనే తీసుకునేంత వదులుగా చేయమన్నాను.