మూడా, నాలుగా?

శనివారం

తెల్లవారుజామున ఫ్లాస్కులో టీ పోసి ఇస్తూ మా ఆవిడ, "అడవికి మార్కులు వేయడానికి ఇంత పొద్దున్నే వెళ్లాలా?" అంది. మార్కులే. కాకపోతే మా పట్టికలో ఎన్ని ఎక్కువ వస్తే అంత చెడినట్టు. జనం టెంట్లు వేసుకునే చోట్లు ఎంత పాడయ్యాయో కొలవడానికి 1978లో ఫ్రిసెల్ అనే ఆయన చెప్పిన కొలబద్ద ఇది. టెంటు కింద గడ్డి నలగడంతో సరిపోతే ఒకటి, నేల కోసుకుపోయి చెట్లు ఎండిపోతుంటే ఐదు.

అమెరికాలో సియాటిల్ దాటి ఆల్పైన్ లేక్స్ అడవి. 1976 నుంచి రక్షిత ప్రాంతం, 700కు పైగా సరస్సులు. వాలంటీర్లం ఇద్దరమే. నాతో వచ్చిన పెద్దావిడకు డెబ్బై దాటాయి, ఎక్కుడులో నాకంటే ముందుంది. ఏడు చోట్లు చూశాం. ఆరింటి గురించి రాయడానికేమీ లేదు. టెంటు మేకులు, మసి పట్టిన రాళ్లు.

నాలుగో చోట మాత్రం పేచీ వచ్చింది. నేను నాలుగన్నాను. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని వేలితో నేల గీరింది. పైన బూడిదరంగు దుమ్ము, దాని కింద గోరు మందాన కుళ్లిన హెమ్లాక్ చెట్ల ఆకులు. "ఈ పొర ఉన్నంతకాలం మూడే" అంది. పక్కనే ఒక వేరు బూట్ల రాపిడికి గుడిమెట్టులా నున్నబడి మెరుస్తోంది. మూడు వేసి, వేరు సంగతి విడిగా రాశాను.

అక్కడికి కాస్త దూరంలో, హెదర్ అనే పొట్టి పొదల మధ్య చాపంత చదును, ఎవరో కొత్తగా టెంటు వేసిన గుర్తు. పాత పటంలో లేదు. వాళ్లకు పాత చోటి బోడినేల నచ్చలేదు. నచ్చదు మరి, ఎంగిలి విస్తట్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు! కానీ ఇక్కడ లెక్క తలకిందులు. ఒరెగాన్‌లోని ఈగిల్ క్యాప్ అడవిలో డేవిడ్ కోల్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి కొలిచి తేల్చింది అదే. మొక్కలు చాలావరకు మొదటి కొద్ది రాత్రుల్లోనే పోతాయి. ఆపైన ఎంతమంది పడుకున్నా కొత్తగా పోయేది తక్కువ. అందుకని బోడినేల మీద పడుకోవడమే మర్యాద. గడ్డయితే త్వరగా తేరుకుంటుంది. హెదర్ కాడలు విరిగితే మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

అక్కడ మళ్లీ ఎవరూ టెంటు వేయకుండా నాలుగు ఎండు కొమ్మలు అడ్డం వేసి, ఫోటో తీసుకుని దిగివచ్చాం.

రాత్రి అన్నం దగ్గర ఆ చాపంత చోటు గురించి చెప్పాను. మా ఆవిడ అంతా విని, "నిరుడు పిల్లలతో వెళ్లినప్పుడు మనం టెంటు ఎక్కడ వేశాం?" అంది.

పెరుగు వడ్డించుకున్నాను.