నాలుగు పేజీల నోట్స్ ఆరు లైన్లకు ఎలా వచ్చిందంటే

డిగ్రీ సెకండియర్‌లో సివిల్స్ మొదలుపెట్టినప్పుడు నా దగ్గర పాలిటీ (రాజ్యాంగం, పాలన) నోట్స్ రెండు లాంగ్ నోట్‌బుక్కులు ఉండేవి. చూసినవాళ్లంతా అబ్బో అనేవాళ్లు. నిజం చెప్పాలంటే అది నోట్సే కాదు, పుస్తకాన్నే నా చేతిరాతలో దించేశాను, అందుకే రివిజన్‌కి కూర్చుంటే పుస్తకం చదివినంత టైమూ పట్టేది.

పంచాయతీరాజ్ దగ్గర బొక్కబోర్లా పడ్డాను. 1957 బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, మూడంచెల పంచాయతీలు (గ్రామం, బ్లాకు, జిల్లా). 1977 అశోక్ మెహతా కమిటీ, రెండంచెలు. పంచాయతీల కోసం చేసిన రాజ్యాంగ 73వ సవరణ, దాంతో వచ్చిన 11వ షెడ్యూలు, అందులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు, అన్నీ కంఠతా వచ్చు. ఒకరోజు టీ తాగుతూ రూమ్మేట్ "ఇంతకీ సవరణ చేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందిరా?" అన్నాడు. నోట మాట రాలేదు. రూముకొచ్చి వెతికితే నాలుగు పేజీల్లో ఆ ఒక్క ముక్కే లేదు! పుస్తకం తిరగేస్తే దొరికింది: పంచాయతీలకు ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టేవాళ్లు కాదు, అందుకే ఐదేళ్ల గడువు, రాష్ట్ర ఎన్నికల సంఘం. పాలకవర్గాలను ఇష్టమొచ్చినట్టు రద్దు చేసేవాళ్లు, అందుకే రద్దయిన ఆరు నెలల్లోపు ఎన్నిక. చేతిలో డబ్బుల్లేవు, అందుకే రాష్ట్ర ఆర్థిక సంఘం. రోగం పక్కన మందు రాసుకునేసరికి మొత్తం ఆరు లైన్లలోకి వచ్చేసింది.

అప్పటినుంచి మొదటిసారి చదివేటప్పుడు పెన్ను ముట్టుకోను. హైలైటర్ అయితే జూనియర్‌కి ఇచ్చేశాను, పేజీ అంతా పసుపు పూసే అలవాటు నాది. రెండోసారి చదువుతూ ప్రతి పేరా పక్కన మూడు నాలుగు మాటలు రాస్తాను, పుస్తకం మూసేసి సారాంశం రాస్తాను, ఆ తర్వాతే తెరిచి సంవత్సరాలు, అంకెలు సరిచూసుకుంటాను. ఆ మూయడం దగ్గరే అందరం మోసం చేస్తాం. పుస్తకం ఎదురుగా ఉంటే వాక్యాలు వాటంతటవే కాగితం మీదికి వచ్చేస్తాయి, మనకు అర్థమైనట్టే ఉంటుంది.

గొలుసుకట్టు చెరువుల మీద ఒక పెద్ద పేరాకి నేను మొదట రాసింది ఇది: "కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు తవ్వించారు. వానాకాలంలో అవి నిండేవి." తప్పేం లేదు, కానీ పేరా చెప్పింది అది కాదు. మళ్లీ రాసింది: "పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది కనుక, ఎక్కడ కాలువ పూడినా నష్టం కింది ఊళ్లన్నిటిదీ." పాకాల పేరు కొట్టేయడానికి మాత్రం మనసొప్పలేదు, మాది నర్సంపేట వైపు మరి.

ఇక పరీక్ష సంగతి. యూపీఎస్సీ మెయిన్స్ ఇంగ్లిష్ పేపర్లో 300కి 75 మార్కులు ప్రెసీకే (ఇచ్చిన వ్యాసాన్ని కుదించి రాయడం), తెలుగు పేపర్లో 60. మూడో వంతుకు కుదించాలి, సొంత మాటల్లో రాయాలి, శీర్షిక పెట్టకూడదు (అలవాటుగా పెట్టేసేవాళ్లు ఎంతమందో). ఇవి క్వాలిఫైయింగే (పాసైతే చాలు, మార్కులు ర్యాంకుకు కలపరు) కదా అని వదిలేస్తారు, కానీ ఒక్కోదాంట్లో 25 శాతం రాకపోతే మిగతా పేపర్లు లెక్కలోకే రావు. తెలుగు మీడియం వాళ్లం ఇంగ్లిష్‌కి భయపడతాం సరే, ఇంటర్ తర్వాత తెలుగులో ఒక్క పేజీ రాయని ఇంగ్లిష్ మీడియం వాళ్లకు తెలుగు పేపరే టెన్షన్. పైగా జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్లో మూడు గంటల్లో 20 ప్రశ్నలు, పది మార్కులదానికి 150 పదాలే. అక్కడా ఈ అలవాటే ఆదుకుంటుంది.

ఇప్పుడు రోజూ ఒక సంపాదకీయానికి ఐదు లైన్లు రాసి, ఆ సంపాదకీయం చదవని రూమ్మేట్‌కి ఇస్తాను. అసలు వ్యాసం దేని గురించో వాడు చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు నాదే. నిన్న మద్దతు ధర మీద రాసింది చదివి "ఎవరికి కోపమొచ్చిందో రాశావు, ఎందుకొచ్చిందో రాయలేదు" అన్నాడు. మళ్లీ అదే.