ప్రాక్టికల్ రికార్డులో ఆఖరి పేజీ

ఎం.ఏ. ఆఖరి సెమిస్టర్‌లో ఉన్న మన పిల్లలు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే. "అక్కా, క్లినికల్ సైకాలజీ ఎంట్రన్స్‌కి ఏ పుస్తకం చదవమంటారు?" పేర్లు చెప్తాను. అవి ఎలాగూ చదవాల్సినవే. కానీ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో నాకు క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. సీటు రావడానికి పుస్తకాలెంత కారణమో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మన సైకాలజీ విభాగం ప్రాక్టికల్ క్లాసు అంతకు మించి కారణం. ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదది. విభాగం సంచికకు వ్యాసం అడిగారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మన విభాగం పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేది పారాసైకాలజీ, అంటే టెలిపతీ లాంటి అతీంద్రియ అనుభవాలను పరిశోధించే శాస్త్రం. అమెరికాలో ఆ రంగానికి ఆద్యుడైన జె.బి. రైన్‌తో కలిసి పనిచేసిన కోనేరు రామకృష్ణారావు గారు 1967లో ఇక్కడ పెట్టిన శాఖ అది. "దెయ్యాల గురించి చదువుతారా?" అని మా బంధువులు కూడా అడిగారు. నాకు తెలిసి ఆ పరంపర నుంచి మాకు దక్కింది ప్రయోగం పట్ల పట్టుదల. ఫలితం వచ్చిందంటే, అది వేరే ఏ కారణం వల్ల వచ్చి ఉండొచ్చు అని ముందు అడగాలి. మా ప్రాక్టికల్స్ మేడం ఆ ప్రశ్న అడగకుండా ఒక్క రికార్డు మీద కూడా సంతకం పెట్టేవారు కాదు.

సైకాలజీ రికార్డు ఎలా ఉంటుందో చదివినవాళ్లందరికీ తెలుసు. ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితాల పట్టిక, చర్చ. చివర్లో 'ఇంట్రోస్పెక్టివ్ రిపోర్ట్'. అంటే పరీక్షలో కూర్చున్న మనిషి తనకేమనిపించిందో చెప్పిన మాటలు. ఏ కాలేజీలో చూసినా ఆ చోట 'ప్రయోగం ఆసక్తికరంగా ఉంది' అనే వాక్యమే కనిపిస్తుంది. మేడం దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, "ఇది ఆ మనిషి అన్న మాట కాదు. వెళ్లి అడిగి రా" అని వెనక్కి పంపేవారు.

ఒకసారి భాటియా బ్యాటరీ అనే తెలివితేటల పరీక్ష చేయించమన్నారు. చదువుకోని పెద్దవాళ్లతో చేయించండి, కానీ ఐక్యూ మాత్రం లెక్కకట్టొద్దు అని ముందే చెప్పారు. 1955లో సి.ఎం. భాటియా ప్రచురించిన ఆ పరీక్షను ఉత్తరప్రదేశ్‌లో 11 నుంచి 16 ఏళ్ల మగపిల్లల మీద ప్రామాణీకరించారు, అంటే వాళ్ల స్కోర్లతోనే పోల్చి చూసే పట్టిక (నార్మ్స్) తయారుచేశారు. ఆ పట్టికతో నలభై ఏళ్ల ఆడమనిషిని కొలవకూడదు. నేను మా హాస్టల్ మెస్సులో కూరగాయలు తరిగే అక్కను బతిమాలి కూర్చోబెట్టాను. రంగురంగుల చెక్క ఘనాలు ఇచ్చి, కార్డు మీదున్న బొమ్మలా పేర్చమనాలి. మొదటి ఐదు బొమ్మలకు రెండేసి నిమిషాలు, మిగతా వాటికి మూడేసి. మొదటి రెండూ చకచకా పేర్చేసింది. మూడో దగ్గర ఆగి స్టాప్‌వాచ్ వైపే చూస్తూ కూర్చుంది. టైమ్ అయిపోయింది. గడియారం పక్కన పెట్టి, సరదాగా మళ్లీ చేయమంటే అదే బొమ్మను మాట్లాడుతూనే పేర్చేసింది. ఎలా అనిపించిందక్కా అంటే, "ఆ గడియారం సూత్తంటే సెయ్యాడ్నేదమ్మా. బళ్లో మేష్టారు బెత్తమట్టుకొని ఎనకాల నిలబడ్డట్టుంది" అంది.

ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకెళ్తే, మేడం చదివి చర్చ భాగాన్ని అక్కడ నుంచి మొదలుపెట్టమన్నారు. స్కోరు తగ్గింది తెలివి తక్కువై కాదు, భయం వల్ల అని ఈ మనిషే చెబుతోంది, దీనికంటే పెద్ద ఆధారం ఏం కావాలి అన్నారు.

మా రోజుల్లో ఎం.ఫిల్.కు వెళ్లాలంటే సైకాలజీలో పీజీ, 55 శాతం మార్కులు, ఆ పైన ఎంట్రన్స్, ఇంటర్వ్యూ. మంచి సంస్థల్లో సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి, దేశమంతా వాటికే పోటీ. ఇంటర్వ్యూలో నా ఎదురుగా కూర్చున్నవాళ్లు సిద్ధాంతాలు ఎక్కువ అడగలేదు. నువ్వు స్వయంగా పరీక్ష చేసిన ఒక మనిషి గురించి చెప్పమన్నారు. మెస్సు అక్క గురించి చెప్పాను. నార్మ్స్ వర్తించనప్పుడు ఇంకేం మిగులుతుందని అడిగారు. ఆమె ఎలా చేసింది, ఎక్కడ ఆగింది, గడియారం తీసేస్తే ఏం మారింది, తనేమంది, ఇవన్నీ మిగులుతాయన్నాను. తర్వాతి ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

ఆ సంస్థ చరిత్ర తెలుసుకోదగ్గది. 1954లో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌గా మొదలై, పక్కనున్న పాత మానసిక వైద్యశాలతో కలిసి 1974లో నిమ్హాన్స్ అయింది. మేం చదువుతుండగానే 2012లో జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా చట్టం వచ్చింది. అక్కడి ఓపీలో తెలుగు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల నుంచి చాలామంది అక్కడికి వస్తారు. తెలుగు వచ్చినవాళ్లం కాబట్టి కేస్ హిస్టరీకి మమ్మల్ని పిలిచేవారు. వివరాలు మార్చి ఒకటి చెప్తాను. ఒకమ్మ కొడుకుని తీసుకొచ్చి, "అన్నం ముందర పెట్టుకొని గోడ దిక్కు చూస్తా ఉంటాడు మేడం, పలకరిస్తే ఊ అనడు" అంది. రోగం పేరు పెట్టడానికి తొందరపడకుండా, గోడ వైపు చూసేటప్పుడు ఏమవుతోందో ఆ అబ్బాయినే అడగాలని నాకు తోచింది. మూడో రోజు చెప్పాడు, గోడ అవతల నుంచి తనను తిడుతున్నారని.

ఇప్పుడు నా పనిలో ఎక్కువ భాగం పిల్లల పరీక్షలే. బినే-కామత్, మాలిన్ తెలివితేటల పరీక్షలు, రోజువారీ పనుల్లో పిల్లల ఎదుగుదల చూసే వైన్‌ల్యాండ్ ఇవన్నీ వాడతాం. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ కోసం వచ్చే కుటుంబాలకు ఆ కాగితం మీది అంకె పింఛనుకు, బడిలో సదుపాయాలకు దారి. వైకల్యం 40 శాతం ఉందా లేదా అన్నది ఆ గీత. తెల్లవారుజామున బస్సెక్కి, ఏమీ తినకుండా వచ్చిన పిల్లవాడిని క్యూ లోంచి లాక్కొచ్చి కూర్చోబెడితే వాడి స్కోరు ఎంత నిజం? నేను ముందు బిస్కెట్ ప్యాకెట్ ఇస్తాను, కాసేపు ఆడుకోనిస్తాను, ఆ తర్వాతే ఘనాలు బల్ల మీద పెడతాను. రిపోర్టులో పిల్లవాడి మాట ఒకటైనా రాస్తాను. దీనికి టైమ్ పడుతుంది, ఒత్తిడి కూడా ఉంటుంది. అయినా మానను.

ఇక ఇప్పటి పిల్లలకు. దారి మారుతోంది. 2020 జాతీయ విద్యా విధానం ఎం.ఫిల్.ను తీసేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం యూజీసీ 2025-26 వరకు గడువిచ్చింది. ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) కొత్తగా ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) లాంటి కోర్సులు తెచ్చింది. పేరు ఏదైనా సరే, ఫీజు కట్టే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్లో మీరే చూసుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ ఆమోదించిన చదువే ఉండాలి. ఆన్‌లైన్‌లో ఆరు వారాల సర్టిఫికెట్లు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. లక్షలు పోసి, రిజిస్ట్రేషన్ నంబరు రాక ఏడ్చిన అమ్మాయిలను చూశాను, నాకు చాలా కోపం వచ్చింది. ఆసుపత్రి ఉందా, రోజూ వార్డుకు పంపుతారా, మీ రికార్డులు దిద్దే సీనియర్లు ఉన్నారా అని అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి.

సీటు ఒక ఏడాది రాకపోతే టెన్షన్ పడకండి. ఆ ఏడాది ఏదైనా స్పెషల్ స్కూల్లోనో, మానసిక వైద్యుల దగ్గరో పనిచేయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నిజమైన మనుషులు ఉంటారు.

విభాగానికి ఒక విన్నపం. ప్రాక్టికల్ క్లాసుల గంటలు తగ్గించొద్దు. ల్యాబ్‌లో పాత పరీక్షా సామగ్రి అరిగిపోయిందని విన్నాను. కొత్త కిట్లకు మన బ్యాచ్ వాళ్లం చందా వేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాం. సంక్రాంతి సెలవుల్లో నేను విశాఖలోనే ఉంటాను. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు రికార్డులు తీసుకుని రండి, కూర్చుని చూద్దాం. నా నంబరు విభాగం ఆఫీసులో ఇచ్చాను.