నీళ్ళు తగ్గిన నదిలో పిల్లలతో మొదటి కయాక్ క్యాంపింగ్

అమెరికాలో పెరిగే మన పిల్లల్లో కొందరు పది పన్నెండేళ్ళు వచ్చేసరికి ఏ సమ్మర్ క్యాంపులోనో కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ ఎక్కేసి ఉంటారు. ఇక ఇంట్లో గోల మొదలవుతుంది: మనమెప్పుడు వెళ్దాం, రాత్రి ఏటి ఒడ్డునే టెంటు వేసుకుందాం అని. అమ్మానాన్నలకేమో నదంటే రేవులో మెట్లు, పుష్కర స్నానం, లోతు తెలియక దిగి పోయినవాళ్ళ వార్తలు. ఈత రానివాళ్ళూ మనలో తక్కువేం లేరు. ఆ భయాన్ని పిల్లల ముందు దాచక్కర్లేదు, దానికి లొంగి ప్రయాణం మానుకోనూ అక్కర్లేదు. ఊళ్ళో అయితే ఏ మలుపులో గుంట ఉందో, ఏ నెలలో ఏటిలో దిగకూడదో చెప్పే పెద్దలుండేవారు. పరాయి నది దగ్గర ఆ పని నది మట్టం, ప్రవాహం కొలిచే గేజ్ అంకెతో చేయించుకోవాలి. ఆ అంకె చూసే బాధ్యత పిల్లలకే అప్పగిస్తే మరీ మంచిది.

"నీళ్ళు తక్కువేగా, భయమేముంది" అన్న మాట దగ్గరే చాలామంది లెక్క తప్పుతుంది. నీళ్ళు తగ్గితే తోపుడు తగ్గుతుంది, నిజమే. కానీ ఇరుక్కుపోవడం పెరుగుతుంది. నిండు ప్రవాహంలో పడవ పైనుంచి దాటిపోయే చెట్ల మానులు ఇప్పుడు బయటపడి దారికి అడ్డంగా ఉంటాయి. రాళ్ళ సందులో కాలు చిక్కుకునేది కూడా మనిషి నిలబడగలిగే లోతులోనే. వీటికి తోడు పడవని ఈడ్చే శ్రమ. మూడో గంటకి పిల్లలు అలిసి, పెద్దలు చిరాకుపడి, చూసుకుని వేయాల్సిన అడుగు చూడకుండా వేస్తారు.

అమెరికా జియలాజికల్ సర్వే నదుల మీద పెట్టిన గేజ్‌ల రీడింగులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. చాలాచోట్ల 15 నిమిషాలకో కొలత ఉంటుంది. ప్రవాహం సీఎఫ్‌ఎస్‌లో, మట్టం అడుగుల్లో ఇస్తారు. సీఎఫ్‌ఎస్ అంటే సెకనుకి ఘనపుటడుగులు, మన పేపర్లలో వచ్చే క్యూసెక్కే. శ్రీశైలం గేట్లెత్తినప్పుడు లక్షల క్యూసెక్కులు చదివిన అలవాటుకి 180 అన్న అంకె లెక్కలోకే రాదు. అయితే 60 అడుగుల వెడల్పున్న ఏటిలో ఆ 180 క్యూసెక్కులు కయాక్ హాయిగా సాగేంత లోతు ఇవ్వవచ్చు. 200 అడుగుల వెడల్పున పరుచుకున్న చోట అవే నీళ్ళు చీలమండ దాటవు. అంకెకి అర్థం ఆ నదిని బట్టి, ఆ భాగాన్ని బట్టి మారుతుంది. మట్టం విషయంలో ఇంకో తిరకాసు ఉంది. 2.1 అడుగులు అని ఉంటే నది అంత లోతుందని కాదు. గేజ్ పెట్టినప్పుడు ఎంచుకున్న సున్నా గుర్తు నుంచి తీసిన కొలత అది.

అందుకని ఆ నదిలో కయాక్‌లు అద్దెకిచ్చే వాళ్ళకి ఫోన్ చేసి సూటిగా ఒక ప్రశ్న అడగండి: "గేజ్ ఏ అంకెకి పడితే మీరు ఈ భాగంలో బోట్లు ఇవ్వడం ఆపేస్తారు?" వాళ్ళు చెప్పేది సామాను లేని పడవకి, ఒక పూట ప్రయాణానికి పనికొచ్చే అంకె. మీ పడవల్లో టెంట్లు, తిండి, నీళ్ళు ఉంటాయి కాబట్టి అంతకంటే బాగా పైన ఉంటేనే బయలుదేరాలి.

బయలుదేరే ముందు రెండు వారాలపాటు రోజూ సాయంత్రం ప్రవాహం ఎంతో, ఎగువన వాన పడిందో లేదో పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. వాన పడిన ఎన్ని గంటలకి నీరు పెరుగుతుందో, ఎన్ని రోజులకి తగ్గుతుందో వాళ్ళకే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో గేజ్ గ్రాఫ్ రంపప్పళ్ళలా రోజూ ఇంచుమించు ఒకే వేళకి లేచి పడుతుంటే ఎగువన జలవిద్యుత్ డ్యామ్ ఉందని అనుమానించాలి. అలాంటి నదిలో పొద్దున మోకాలి లోతున్న చోట మధ్యాహ్నానికి నడుము దాటొచ్చు, ఆకాశంలో మబ్బు కూడా లేకుండా. డ్యామ్ విడుదల వేళలు ముందే తెలుసుకోలేకపోతే మొదటి ప్రయాణానికి ఆ నది వద్దు.

దూరం దగ్గర పిసినారితనం మంచిది. మామూలు నీటిలో పెద్దవాళ్ళు రోజుకి 12, 15 మైళ్ళు వెళ్ళగలరు. నీరు తగ్గి, నిలకడ మడుగుల్లో ప్రతి గజమూ తెడ్డు వేసుకుంటూ, రాళ్ళ మేటల దగ్గర దిగి నడుస్తూ, పిల్లలతో వెళ్తే గంటకి మైలున్నర నుంచి రెండు మైళ్ళు అనుకోండి. మొదటి రోజు 4 మైళ్ళు, రెండో రోజు 7, మూడో రోజు 5 చాలు. మొదటి రోజు తక్కువ పెట్టుకోవాల్సింది ఎందుకంటే, ఒక కారు బయలుదేరే చోట, ఇంకోటి ప్రయాణం ముగిసే చోట పెట్టి సామాను సర్దేసరికే మధ్యాహ్నమవుతుంది. మ్యాప్‌లో నదిని తాకే ప్రతి వంతెననీ, పడవలు దించే పబ్లిక్ ర్యాంపునీ గుర్తుపెట్టండి. రోజుకి ఒక్కచోటైనా మధ్యలో ఆపేసి రోడ్డెక్కే వీలు లేని భాగాన్ని ఎంచుకోకండి.

ఇక బరువు. సామాను నింపిన కయాక్ నాలుగు నుంచి ఆరు అంగుళాల నీటిలో మునిగి ఉంటుంది. అది అయిదుంటే ఒక రాళ్ళ మేట జారుతూ దాటేస్తారు, ఆరయితే దిగి లాగుతారు. మన ఇళ్ళలో ప్రయాణమంటే "ఉంటే ఎందుకైనా మంచిది" అని సర్దడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటు మానాలి. పెద్ద గిన్నెలు, గాజు సీసాల్లో పచ్చళ్ళు ఇంట్లోనే ఉండనివ్వండి. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, ఎండబెట్టిన కూరముక్కలు తేలిక, ఇంధనమూ తక్కువ పడుతుంది. ఒక్క పెద్ద సంచి బదులు నీరు చొరబడని 10 నుంచి 20 లీటర్ల డ్రై బ్యాగులు నాలుగైదు పెట్టుకోండి. మూతి కనీసం మూడు మడతలు పడితేనే నీరు లోపలికి రాదు. బరువైనవి సీటుకి దగ్గరగా, అడుగున పెట్టాలి. వెనకంతా బరువుంటే ముక్కు తేలిపోయి తోక నేలని రాసుకుంటుంది, గాలికి పడవ పక్కకి తిరుగుతుంది.

అన్నిటికంటే బరువు తాగేనీరు. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకి 48 లీటర్లు, అంటే 48 కిలోలు. కాబట్టి ఫిల్టర్ కావాలి. 0.1 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాని, జియార్డియా లాంటి పరాన్నజీవుల్ని ఆపుతుంది, వైరస్‌లని ఆపదు. వాటికి ఒక నిమిషంపాటు తెర్లే మరుగు చాలు, 6,500 అడుగుల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. ఇక్కడ తక్కువ నీటి నదికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. వేడెక్కి నిలిచిన నీటిలో నీలి ఆకుపచ్చ నాచు పెరిగితే దాని విషం మామూలు ఫిల్టర్‌కీ లొంగదు, మరిగించినా పోదు. పచ్చ రంగు పోసినట్టు నురగ, తెట్టు కనిపిస్తే ఆ నీరు తాగొద్దు, పిల్లల్ని అందులో ఆడనివ్వొద్దు. రాష్ట్రం ఇచ్చే నాచు హెచ్చరికలు ముందే చూసి, అలాంటివి ఉంటే ఆ నది మానేయండి.

పడవ పాలిథిలీన్‌దయితే రాళ్ళ రాపిడికి తట్టుకుంటుంది. చుక్కాని, స్కెగ్ (పడవ వెనక అడుగు నుంచి కిందికి దిగే చిన్న రెక్క) లాంటివి ఉంటే ఎత్తి కట్టేయండి. స్కెగ్ పెట్టెలో గులకరాయి దూరితే మళ్ళీ దిగదు. అడుగు చీలితే తడి మీద డక్ట్ టేప్ నిలవదు. బాగా తుడిచి, ఎండలో వేడెక్కనిచ్చి, ఇంటి పైకప్పులకి వాడే బ్యూటైల్ ఫ్లాషింగ్ టేప్ వేస్తే ఒడ్డు చేరడానికి సరిపోతుంది.

నీటిని చదవడం మాత్రం ముందు ఒక పూట చిన్న ప్రయాణంలో నేర్చుకోవాలి. రాళ్ళ మేట దగ్గర నీటి మీద ఇంగ్లీషు వి అక్షరం కనిపిస్తుంది. కొన దిగువకి చూపిస్తే రెండు రాళ్ళ మధ్య దారి అది. కొన ఎగువకి చూపిస్తే ఆ కొన దగ్గరే రాయి ఉంది. మలుపులో బయటి అంచున లోతు ఉంటుంది, లోపలి అంచున ఇసుక మేట వేస్తుంది. అందుకే తగ్గిన నీటిలో బయటి అంచు పట్టుకుపోవాలి, కానీ కూలిన చెట్లు చేరేదీ అక్కడే. చెట్టు కొమ్మల్లోంచి నీరు పారుతుంటే నీళ్ళు అటే వెళ్ళిపోతాయి, మనిషి చిక్కుకుంటాడు. అలాంటి మలుపుకి ముందే ఒడ్డుకి చేరి నడిచి చూసి రావాలి. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట ఎంత పొట్టిగా కనిపించినా పడవ మోసుకుని చుట్టు తిరిగి వెళ్ళడమే. కింద సుడి తిరిగే నీరు మనిషిని వదలదు.

పడవ రాయికి అడ్డంగా ఆనుకుంటే శరీరం దానంతటదే ఎగువకి వంగుతుంది. వెంటనే ఎగువ అంచు మునిగి పడవ నిండుతుంది. రాయివైపే వంగాలి, రాయిని వాటేసుకోవాలి. ఇది మాటల్లో చెబితే గుర్తుండదు, లోతులేని ప్రశాంతమైన చోట పదిసార్లు చేయిస్తేనే ఒంటబడుతుంది.

దిగి లాగేటప్పుడు మనిషి ఎప్పుడూ పడవకి ఎగువనో పక్కనో ఉండాలి. నీరు నిండిన పడవ వందల కిలోలు తూగుతుంది. దిగువన నిలబడిన మనిషిని రాయికేసి నొక్కేస్తుంది. తాడు చేత్తో పట్టుకోవాలి తప్ప మణికట్టుకి చుట్టకూడదు, నడుముకి కట్టకూడదు. నీరు మోకాలు దాటి వేగంగా ఉంటే అసలు నిలబడొద్దు. పడితే వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువవైపు నీటి పైకి పెట్టి, నిలకడ నీరు చేరాకే లేవాలి. పిల్లలకి సహజంగా తోచేది దీనికి వ్యతిరేకం, పడగానే లేచి నిలబడతారు. పాదం రాళ్ళ మధ్య దూరేది ఆ క్షణంలోనే. చెప్పులు, క్రాక్స్ వద్దు. వేళ్ళు మూసుకునే, మడమ పట్టే బూట్లు కావాలి.

పిల్లలకి విడి కయాక్ ఇస్తే ఒక వింత చూస్తారు. తేలికగా ఉంటారు కాబట్టి మీరు ఇరుక్కున్న మేట మీదనుంచి వాళ్ళు సర్రున జారి ముందుకెళ్ళిపోతారు. అనుకోకుండా ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళే నదిలో ముందుంటారు. దానికి ముందే కట్టడి ఉండాలి: ఒక పెద్ద మనిషి మొదట, ఒకరు చివర, మేట దాటిన పిల్లలు కింద మొదటి నిలకడ నీటిలో ఆగి వెనక్కి తిరిగి చూడాలి. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. పక్కకి చూపిస్తే వెళ్ళాల్సిన దారి అది, ప్రమాదాన్ని ఎప్పుడూ చూపించకూడదు. మూడు ఈలలంటే సాయం కావాలని.

లైఫ్ జాకెట్ గురించి బేరం లేదు. అమెరికా కోస్ట్ గార్డ్ నియమం ప్రకారం కదిలే పడవలో 13 ఏళ్ళలోపు పిల్లలు వేసుకునే ఉండాలి. కొన్ని రాష్ట్రాల నియమాలు వేరు. పిల్లల సైజు బరువుని బట్టి: 30 నుంచి 50 పౌండ్లకి ఒకటి, 50 నుంచి 90కి ఇంకొకటి. బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూడండి, గడ్డం లోపలికి పోతే వదులు. పిల్లలకి ఈత వచ్చు, నాన్నకి రాదు అన్న ఇళ్ళలో నాన్న జాకెట్ విప్పి పడవలో పెట్టుకోవడం తరచూ కనిపించే దృశ్యం. పిల్లల ముందు మాట నిలవాలంటే ముందు ఆయన వేసుకోవాలి.

మన కుటుంబాలకి అన్నిటికంటే కష్టమైన నియమం ఇంకొకటుంది. ఎవరు "వద్దు" అన్నా అక్కడ ఆగి పడవ మోసుకెళ్ళాలి. తొమ్మిదేళ్ళ పిల్ల అన్నా సరే, అది ధిక్కారం కాదు, "ఏం కాదులే, నాన్నున్నాడుగా" అని తీసిపారేయకూడదు. సమ్మర్ క్యాంపులో పిల్లలు నేర్చుకున్నది అదే. ఇంట్లో పెద్దల మాటకి ఎదురు చెప్పని పిల్లలు నదిలోనూ నోరు మూసుకుంటే ముప్పు. బయలుదేరే ముందే పెద్దలకీ పిల్లలకీ తెలిసేలా గట్టిగా చెప్పుకోండి.

మొదటి రోజు తప్ప, మధ్యాహ్నం రెండుకల్లా ఆగిపోండి. గాలి, ఎండ రెండూ అప్పుడే ఎక్కువ, రాళ్ళ మేటల మీద నీడ ఉండదు. మేట మీద టెంటు వేయడం కొన్ని రాష్ట్రాల్లో పబ్లిక్ హక్కు, కొన్నిచోట్ల ప్రైవేటు స్థలంలో చొరబాటు; ఆ రాష్ట్రం నియమం ముందే చూసుకోండి. పొదలకి చిక్కుకున్న ఎండు గడ్డి, పుల్లలు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తే పాత వరద ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది, టెంటు దానికి పైన. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకునే ముందు, రాత్రి లేచినప్పుడు టార్చితో చూడండి. పడవల్ని పైకి మోసి చెట్టుకి కట్టాలి. నీళ్ళు తగ్గిన కాలంలో చాలాచోట్ల మంటలపై నిషేధం ఉంటుంది, స్టవ్ కూడా కుదరదేమో కనుక్కోండి.

కాలకృత్యాలకి నీటి నుంచి 200 అడుగులు, అంటే సుమారు 70 అంగలు వేసి వెళ్ళి, 6 నుంచి 8 అంగుళాల గుంట తవ్వాలి. నీళ్ళతో కడుక్కునే మన అలవాటుకి నొక్కితే చిమ్మే ప్లాస్టిక్ సీసా ఒకటి చాలు. కడుక్కోవడం కూడా ఆ దూరంలోనే. సబ్బు బయోడిగ్రేడబుల్ అయినా నదిలో కలపకూడదు. నీరు తక్కువున్నప్పుడు అది పలచబడేది కూడా తక్కువే.

ప్రయాణం ముగించి ఒడ్డెక్కే ర్యాంపుని బయలుదేరే ముందు రోజే నీటి వైపు నుంచి చూసి రండి. నీరు తగ్గితే సిమెంటు చివరకి, నీటికి మధ్య బురద మిగులుతుంది. అలిసిన పిల్లలతో మోకాలి లోతు బురదలో పడవలు లాగడం మూడో రోజుకి తగిన పని కాదు. అలాంటిదైతే అరమైలు ముందో వెనకో ఇంకో చోటు వెతకండి. దిగువ కారు తాళం జిప్పు సంచిలో పెట్టి జాకెట్ జేబులో ఉంచుకోండి, ఎగువ కారులో మర్చిపోయేది అదే.

నదిలోకి ఎక్కడ దిగుతున్నారు, ఏ రాత్రి ఎక్కడ, ఎవరెవరు, పడవల రంగులు, ఏ వేళ దాటితే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి, ఇవన్నీ రాసి అమెరికాలోనే ఉన్న స్నేహితులకో బంధువులకో ఇవ్వండి. లోయల్లో సెల్ సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ అద్దెకి తీసుకున్నా మంచిదే. ఆ కాగితం ఇండియాలో ఉన్న అమ్మమ్మకి, తాతయ్యకి పంపొద్దు. వాళ్ళు అక్కడి నుంచి 911కి ఫోన్ చేయలేరు. వాళ్ళకి మాత్రం తిరిగొచ్చే రోజుకి ఒక రోజు కలిపి చెప్పండి.