ఒక మందా, రెండు మందులా

అమ్మకు వచ్చిన జబ్బు పేరు లియోమయోసార్కోమా, గర్భసంచి కండలో పుట్టిన క్యాన్సర్. పెద్దవాళ్ళకు వచ్చే క్యాన్సర్లన్నీ కలిపి చూస్తే సార్కోమాలు, అంటే కండ, కొవ్వు, ఎముక లాంటివాటిలో పుట్టేవి, నూటికి ఒకటి, అందులో మళ్ళీ ఇదొక రకం, కాబట్టి మా చుట్టాల్లో ఎవరూ ఈ పేరు వినకపోవడంలో వింతేం లేదు. ఫైబ్రాయిడ్, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ అనుకుని గర్భసంచి తీయించాం. తర్వాత వచ్చిన బయాప్సీ రిపోర్టులో ఈ పేరు ఉంది. చాలామందిలో ఇది ఇలాగే ఆపరేషన్ అయ్యాకే బయటపడుతుందని డాక్టరు చెప్పారు.

ఇలాంటి అరుదైన జబ్బని తెలిస్తే కీమో మాట తర్వాత, ముందు ఆ స్లైడ్లు, అంటే మైక్రోస్కోపు కింద చూసే గడ్డ ముక్కలున్న గాజుపలకలు, ఇంకోచోట చూపించండి. మామూలు ఫైబ్రాయిడ్లలోనే కొన్ని మైక్రోస్కోపు కింద క్యాన్సర్‌లా కనిపిస్తాయట. కణాలు ఎంత వేగంగా విడిపోతున్నాయో లెక్కపెట్టి, గడ్డ మధ్యలో చచ్చిపోయిన భాగం ఉందేమో చూసి తేల్చాలి. అది రోజూ సార్కోమాలు చూసే కళ్ళకే సాధ్యం. మేం ల్యాబు నుంచి గడ్డ ముక్కలు దాచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు తీసుకుని ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ హాస్పిటల్‌కు పంపాం. "రిపోర్టు ఇచ్చాం కదా, బ్లాకులెందుకు" అన్నారు మొదట, కాగితం మీద రాసి సంతకం పెట్టి అడిగితే ఇచ్చారు. అక్కడా అదే పేరు చెప్పారు. ఆశ పోయింది నిజమే, కానీ ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయానికీ కాళ్ళ కింద నేల గట్టిగా ఉంది.

అప్పటికి జబ్బు గర్భసంచి దాటలేదు. ఒక డాక్టరు ముందుజాగ్రత్తగా కీమో ఇద్దామన్నారు, ఇంకొకరు ఆగి చూద్దామన్నారు. హైదరాబాద్‌లో ఇంతమంది పెద్ద డాక్టర్లుండి ఒక్కమాట మీద లేరేంటని మా తమ్ముడికి కోపం వచ్చింది. ఇదే ప్రశ్న తేల్చడానికి కొన్ని దేశాలు కలిసి ఒక ట్రయల్ మొదలుపెట్టాయి. 216 మంది కావాల్సి ఉంటే 38 మందే దొరికారు, 2016లో ఆపేశారు. ఆ కొద్దిమందిలో కీమో తీసుకున్నవాళ్ళు ఎక్కువకాలం బతికినట్టు కనబడలేదు, కానీ అంత తక్కువమందిని పట్టుకుని గట్టిగా ఏమీ చెప్పలేం. అరుదైన జబ్బంటే అర్థం అదీ, డాక్టర్లు దాస్తున్నదేం లేదు, తేల్చేటంత మంది పేషెంట్లే లేరు. అమ్మ అప్పుడు కీమో వద్దంది. మూడు నెలలకోసారి స్కాన్ చేయిస్తూ వచ్చాం.

ఈ క్యాన్సర్ రక్తం వెంట పోతుంది, ఎక్కువగా పట్టేది ఊపిరితిత్తులనే. ఒక స్కాన్‌లో మచ్చలు కనిపించాయి. రెండు పక్కలా ఉన్నాయి కాబట్టి కోసి తీయడం కుదరదన్నారు. ఇక కీమో తప్పదు.

ఇక్కడ మొదలైంది ఇంట్లో గొడవ. మామయ్య ఫోన్ చేసి "అక్కకు ఏం చెప్పకండి, నిమ్ము పట్టిందని చెప్పండి, తట్టుకోలేదు" అన్నాడు. పిన్ని ఏదో ఆకు పసరు పంపుతానంది. వాళ్ళది ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మా అమ్మ సూర్యాపేట దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌గా చేసి రిటైరైన మనిషి, ఎంతమంది తల్లులకు ఎన్ని చేదు మాటలు ఎదురుగా కూర్చుని చెప్పిందో. ఆమె దగ్గర దాచడమంటే ఆమెను చిన్నపిల్లను చేయడమే. చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సూది గుచ్చేది నాకైతే మాట నాకు చెప్పకుంటె ఎట్ల బిడ్డా" అంది.

ఆ వారమే కన్సల్టేషన్‌లో డాక్టర్ మేడమ్ అసలు సంగతి మా ముందు పెట్టారు. ఎప్పటినుంచో వాడే కీమో మందు డాక్సోరుబిసిన్ ఒక్కటే ఇవ్వొచ్చు, లేదా దానికి ట్రాబెక్టెడిన్ అనే ఇంకో కీమో మందు కలిపి ఇవ్వొచ్చు. ఫ్రాన్స్‌లో ఈ జబ్బున్న 150 మంది మీద ట్రయల్ చేస్తే ఒక్క మందు తీసుకున్నవాళ్ళలో సగంమంది దాదాపు 24 నెలలకు పైన బతికారు, రెండూ తీసుకున్నవాళ్ళలో సగంమంది 33 నెలలకు పైన. 2024లో వచ్చిన ఫలితం అది. అయితే రెండు మందులతో రక్తం కౌంట్ పడిపోవడం, నీరసం, వాంతులు, హాస్పిటల్‌లో చేరాల్సి రావడం బాగా ఎక్కువ. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు, షుగరుంది.

నేనైతే ఆ తొమ్మిది నెలల దగ్గరే ఆగిపోయాను. తొమ్మిది నెలలంటే ఒక దసరా, ఒక సంక్రాంతి, మా చిన్నదాని పుట్టినరోజు. ఎలాగైనా రెండు మందులే పెట్టిద్దామని మనసులో అనుకుని కూర్చున్నాను.

అమ్మ మాత్రం మేడమ్‌ని ఒకటే అడిగింది. "రెండు పెడితే నేను లేచి నా పని నేను చేసుకుంటనా అమ్మా?" మేడమ్ మెల్లగా, దాచకుండా చెప్పారు: ప్రతి సైకిల్, అంటే మందు ఎక్కించే ప్రతి విడత, తర్వాత ఎక్కువ రోజులు మంచం మీదే ఉండే అవకాశం ఉంది, ఒక్క మందైతే కొంచెం తక్కువ. పది నిమిషాలు ఏం ఆలోచించిందో, కారిడార్‌లో టీ తాగి వచ్చి ఒక్కటే పెట్టమంది. ఇంటికొచ్చే దారిలో నేను మళ్ళీ ఎత్తాను. "నువ్వు నెలలు లెక్కబెడుతున్నవ్, నేను రోజులు లెక్కబెడుతున్న" అంది. ట్రాబెక్టెడిన్ తర్వాత కూడా వాడొచ్చు, తలుపు మూసుకుపోలేదని మేడమ్ చెప్పారు. మొదటే కలిపి ఇచ్చినంత మేలు అప్పుడు కూడా ఉంటుందని మాత్రం ఎవరూ మాటివ్వలేదు. నాకిప్పటికీ ఆ లెక్క గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. అయినా నిర్ణయం ఆమెది, పక్కన నిలబడటం నాది.

ఇక మందు సంగతి. డాక్సోరుబిసిన్ ఎర్రగా, రూహఫ్జా రంగులో ఉంటుంది. నరంలోంచి బయటికి కారితే చుట్టూ కండ పుండైపోతుంది, అందుకే ముందే ఛాతీ దగ్గర చర్మం కింద పోర్ట్, అంటే మందు నేరుగా పెద్ద నరంలోకి పోయేలా చేసే చిన్న పరికరం, పెట్టించాం. ఎక్కించేముందు గుండెకు ఎకో తీశారు, ఈ మందు గుండె మీద పడుతుంది కాబట్టి జీవితం మొత్తానికి ఇంతవరకే అని హద్దుంటుంది. మొదటి రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం కాదని ముందే చెప్పించుకోండి, లేకపోతే ఇల్లంతా టెన్షన్. మూడు వారాలకోసారి సైకిల్. రెండో వారంలో నోరంతా పుళ్ళు. కారం లేనిదే ముద్ద దిగని మనిషి మెత్తగా కలిపిన పెరుగన్నం చెంచాతో, ఎడమ దవడ నొప్పి కాబట్టి తల కుడిపక్కకు వంచి, నాలుక మీద కాసేపు ఉంచుకుని మింగేది. గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు, వంటసోడా కలిపి పుక్కిలించమంటే గడియారం పెట్టుకుని మరీ చేసింది.

జ్వరం విషయం గట్టిగా చెప్తున్నాను. కీమోలో ఉన్నవాళ్ళకు 100.4 దాటితే డోలో వేసి పొద్దున చూద్దామనుకోవద్దు. తెల్లకణాలు పడిపోయి ఉంటే గంటల్లో ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకుతుంది. మాకు ఒకసారి అర్ధరాత్రి వచ్చింది, ఉప్పల్ నుంచి వానలో బయల్దేరాం. దగ్గర్లోని ఒక హాస్పిటల్‌లో ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర వరసలో కూర్చోమన్నారు. తమ్ముడు గొంతు పెంచి "కీమో పేషెంట్, జ్వరం, కౌంట్ చూడండి" అని మూడుసార్లు అంటేగానీ కదల్లేదు. అందుకే ఇప్పుడు మందు పేరు, ఎక్కించిన తేదీ, మేడమ్ నంబరు రాసిన కాగితం ప్లాస్టిక్ కవరులో అమ్మ సంచిలోనే ఉంటుంది.

ఇంకొకటి, పాలియేటివ్ కేర్ అనగానే ఆఖరి రోజులని భయపడతారు మనవాళ్ళు. నొప్పి, నిద్ర, వాంతులు, తిండి చూసే వైద్యం అది, కీమోతో పాటే మొదలుపెట్టొచ్చు. మన లక్డీకాపూల్ పక్కన రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ హాస్పిటల్‌లో ఏళ్ళుగా ఆ విభాగం ఉంది. అమ్మకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం మొదలైంది ఆ వైద్యంతోనే.

రెండు సైకిళ్ళ తర్వాత తీసిన స్కాన్‌లో మచ్చలు పెరగలేదు, తగ్గలేదు. స్టేబుల్ అన్నారు, దాన్ని మంచి వార్తగానే తీసుకోమన్నారు. వచ్చే సైకిల్ సద్దుల బతుకమ్మ దగ్గర పడింది. ఊరికి పోయొస్తానని అమ్మ అడిగితే కౌంట్ బాగుంటే సైకిల్ వారం ఆలస్యంగా పెడతానని మేడమ్ ఒప్పుకున్నారు, గుంపులోకి మాత్రం వెళ్ళొద్దన్నారు, వెళ్తే మాస్క్ ఉండాలన్నారు. రక్తపరీక్ష గురువారం. సూర్యాపేటలో రాత్రి కూడా డాక్టరుండే హాస్పిటల్ ఏదో తమ్ముడు కనుక్కుంటున్నాడు, థర్మామీటరుకు కొత్త బ్యాటరీ వేశాను.