గ్రేడ్ 2 అన్నారు

కుడివైపు డొక్కలో బరువుగా ఉంటోందంటే, పిత్తాశయంలో రాళ్లున్నాయేమో చూద్దామని నల్గొండలో స్కానింగ్ రాశారు. రాళ్లు లేవు. రిపోర్టు చివర్లో మాత్రం 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ 2' అని ఉంది, అంటే కాలేయంలో కొవ్వు పేరుకుందన్నమాట. ఇక మా ఇంట్లో గోల మొదలైంది. "నువ్వు కల్లు కూడ ముట్టవు గదనే, నీకు లివర్ ఎట్ల ఖరాబైతది?" అని మా ఆడబిడ్డ. అత్తమ్మ నేల ఉసిరి దంచి రసం తెచ్చింది. ఎవరో లివర్ టానిక్ పేరు చెప్పారు. నాకేమో గ్రేడ్ అంటే క్యాన్సర్‌లో స్టేజీలాంటిదని టెన్షన్.

ఆ భయం తీసింది గ్యాస్ట్రో డాక్టర్. గ్రేడ్ అనేది స్కానింగ్‌లో కనబడిన కొవ్వు లెక్క మాత్రమేనని, అసలు చూడాల్సింది కాలేయంలో మచ్చలు పడి గట్టిపడిందా అన్నదేనని చెప్పారు. హెపటైటిస్ బి, సి లేవని ముందు తేల్చుకున్నారు. తర్వాత నా వయసు 46, రక్తంలో కాలేయ ఎంజైములైన ఎస్‌జీఓటీ 41, ఎస్‌జీపీటీ 62, ప్లేట్‌లెట్లు 2.6 లక్షలు వేసి, మచ్చలు ఎంత పడి ఉండొచ్చో అంచనా వేసే ఫిబ్-4 లెక్క ఫోన్‌లోనే కట్టారు. 0.92 వచ్చింది. 1.3 దాటకపోతే బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువట. మామూలు రక్తపరీక్షలతో అయ్యే ఈ లెక్క స్కానింగ్ రిపోర్టుతో పాటే ఇస్తే ఎంతమందికి నిద్ర పడుతుందో! మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1, అంటే షుగర్ గడప దగ్గరున్నాను.

"మందులేవి సార్?" అన్నాను. "మీకు మందు బరువు తగ్గడమే" అన్నారు. అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్ అనే మాత్రకు అనుమతి వచ్చిందట గానీ, అది మచ్చలు ఓ మోస్తరుగానో, ఎక్కువగానో పడినవాళ్లకు. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు కరుగుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుందన్నారు. నేను 74 కిలోలు. ఉపవాసాలుండి ఒక్కసారిగా తగ్గొద్దని, అది కాలేయానికే చెడు చేయొచ్చని గట్టిగా చెప్పారు. నేల ఉసిరి, టానిక్ రెండూ ఆపించారు. అత్తమ్మ అలిగింది.

నాది టైలరింగ్ షాపు. పొద్దంతా మిషన్ ముందే కూర్చోవడం, గిరాకీ వచ్చినప్పుడల్లా చాయ్. అన్నం తగ్గించడం కంటే ఆ చాయ్‌లో చక్కెర మానడమే కష్టమైంది. చక్కెర లేని కాఫీకి డాక్టర్ అభ్యంతరం చెప్పలేదు, పైగా కాలేయానికి మంచిదేనన్నారు. రాత్రి జొన్నరొట్టె, పెసరపప్పు. సాయంత్రం మిర్చి బజ్జీ బంద్. పొద్దున పానగల్ ఉదయసముద్రం కట్ట మీద చెమట పట్టేలా నడక. సద్దుల బతుకమ్మ నాడు బెల్లం వేసిన మలీద తిన్నాను, దాచేదేముంది? కానీ చీకటి పడేదాకా ఆడాను కూడా.

బరువు 68కి వచ్చాక పరీక్షలు చేయిస్తే ఎస్‌జీపీటీ 33. స్కానింగ్‌లో కొవ్వు ఇంకా ఉంది, గ్రేడ్ 1. మాఘమాసం పెళ్లిళ్లలో ఒక కిలో మళ్లీ పెరిగిందంటే డాక్టర్ నవ్వి, నడుము కొలత 80 సెంటీమీటర్ల లోపుకు తెచ్చుకోమని, ఏడాదికోసారి ఫిబ్-4 చూసుకుందామని చీటీ రాసిచ్చారు. షుగర్ పరీక్ష మాత్రం అంతకన్నా ముందే ఉంది.