పద్దెనిమిది చెట్లు, అమ్మ పాత చీరలు

2021 ఫిబ్రవరి మొదట్లో మా న్యూజెర్సీలో మూడు రోజులు వరసగా మంచు కురిసింది. చలికి ఆ వారమంతా పెరటి వైపు కిటికీ తెరలు తీయలేదు. శనివారం పొద్దున కాఫీ కప్పుతో వెళ్లి తెర లాగితే, గట్టు మీద మేం నాటించిన చెట్ల పచ్చటి గోడ లేదు. దాని బదులు పద్దెనిమిది గొడుగులు వరసగా పాతినట్టు ఉన్నాయి. నేల నుంచి నా తల ఎత్తు దాకా ఉత్త పుల్లలు, ఆ పైన మాత్రం గుబురు. చుట్టూ మంచులో గిట్టల గుర్తులు, మధ్య మధ్య నల్లగా మెరుస్తున్న పెంటికలు.

నేను ఉద్యోగంలోనూ ఇంట్లోనూ లెక్కలు రాసే మనిషిని. చెట్టుకు అరవై డాలర్లు, గోతులు తవ్వి నాటినందుకు నాలుగు వందల యాభై, మొత్తం 1,530. 'జింకల మేత' అనే పద్దు అప్పటిదాకా మా పుస్తకంలో లేదు. ఆ రోజు కొత్త పేజీ తీసి రాశాను.

2017లో ఈ ఇల్లు కొన్నప్పుడు వెనక ఉన్న చిన్న అడవిని చూసే మురిసిపోయాం. సాయంత్రం వేళ ఒక తల్లి జింక రెండు పిల్లలతో వాగు దాటి వస్తుంటే ఫోటోలు తీసి ఊరికి పంపేదాన్ని. మరుసటి ఏడాది వెనకింటి వాళ్లకు మా వంటిల్లు కనిపించకుండా ఆర్బర్‌వైటీలు నాటించాం. చిన్నప్పుడు చదువు వస్తుందని పుస్తకంలో దాచుకునేవాళ్లం చూడండి, విద్య ఆకు, దానికి దగ్గరి చుట్టం ఈ చెట్టు. నాటేముందు ఆ ఆకు నలిపి వాసన చూసి కొన్నాను. చలికాలంలో జింకలకు ఇది పెళ్లి భోజనమని నర్సరీలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతకు ముందు చలికాలం మంచు పెద్దగా పడలేదు, వాటికి అడవిలోనే ఏదో ఒకటి దొరికింది. ఈసారి నేలంతా మంచు కప్పేసేసరికి పచ్చగా కనిపించినవి మా చెట్లే.

ఆ శనివారమే బూట్లు వేసుకుని వెళ్లి ఒక పుల్లను దగ్గరగా పట్టుకుని చూశాను. చివర నలిగిపోయి, పీచు పీచుగా, అచ్చం నమిలి పారేసిన వేపపుల్లలా ఉంది. తర్వాత చదివితే కారణం తెలిసింది. జింకకు పైదవడ ముందు వైపు పళ్లుండవు. కింది పళ్లకూ పైన గట్టి చిగురుకూ మధ్య కొమ్మను ఇరికించి, తల విదిల్చి లాగుతుంది. అందుకే అది తెగదు, చీలుతుంది. కుందేలు కొరికితే కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉంటుంది. ఇది చదివి నేను తల పట్టుకున్నాను. ఎందుకంటే మా గులాబీలను రెండేళ్లుగా తింటున్నది కుందేళ్లేనని తీర్మానించి, వాటి చుట్టూ అడుగున్నర ఎత్తు జాలీ కట్టి, పైనుంచి మొగ్గలు ఎలా మాయమవుతున్నాయా అని ఆశ్చర్యపోతూ ఉన్నాను. ముళ్లున్నాయని జింక జంకుతుందేమో అనుకోకండి. ముళ్లతో సహా తింటుంది.

రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు తోట మొక్కలను జింకలు ఎంత పాడుచేస్తాయన్న దాన్ని బట్టి నాలుగు తరగతులుగా విడదీసి ఒక జాబితా పెట్టారు. మొక్కలు కొనకముందు చూడవలసిన దాన్ని నేను పోయాక చూశాను. నా ఆర్బర్‌వైటీలు, నీడలో వెడల్పాటి ఆకులతో పెరిగే హోస్టా మొక్కలు అన్నీ ఆఖరి తరగతిలో ఉన్నాయి, అంటే తరచుగా, దారుణంగా తినేవాటిలో. బాక్స్‌వుడ్, పియరిస్ పొదలు, డాఫొడిల్ పూల మొక్కలు మొదటి తరగతి, దాదాపు ముట్టనివి. 'దాదాపు' అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. ఆకలి మీదున్న జింకకు జాబితా తెలియదు.

మోడులైన చెట్లు వసంతంలో చిగురిస్తాయని ఎదురు చూశాను. ఆర్బర్‌వైటీకి ఆ గుణం లేదు. పచ్చదనం మిగిలిన చోటనే పెరుగుతుంది, ఉత్త కట్టె మీద మళ్లీ చిగురు వేయదు. ఏడాది పాటు ఆ గొడుగులను చూసి చూసి పదకొండు చెట్లు తీయించాను. మిగతా ఏడూ పక్కగా ఉండి కంటికి అంతగా కనబడవు కాబట్టి వదిలేశాను. తీయించడానికి 700 డాలర్లు. అదీ అదే పద్దులోకే.

2022 మేలో అమ్మ వచ్చింది. మాది నారాయణపేట వైపు. అన్నయ్య కంది, జొన్న వేస్తాడు. కృష్ణా, మాగనూరు మండలాల్లో కృష్ణజింకలు మందలు మందలుగా చేలమీద పడటం అక్కడ కొత్త సంగతి కాదు. లేత కంది మొలకను మొదలంటా గిల్లుకుపోతాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వాటి మీద చేయి వేయడానికి లేదు, వేయాలని అన్నయ్యకూ లేదు. తెల్లవారుజామున లేచి చేను చుట్టూ డబ్బా కొట్టుకుంటూ తిరుగుతాడు. నా పద్దెనిమిది చెట్ల దుఃఖం ఫోన్లో చెబితే, "మూడు జింకలకే అంత ఏడుపా? ఇక్కడ లెక్కపెట్టాలంటే నువ్వు రావాలి" అన్నాడు.

అమ్మ మాత్రం నవ్వలేదు. వచ్చిన రెండో రోజే ఇంటి ముందున్న గులాబీలనూ హైడ్రేంజియాలనూ చూసి, "ఇంత చదువుకున్నారు, చెట్టుకు చీర కట్టాలని తెలియదా అమ్మాయీ" అంది. ఊళ్లో పందులకు భయపడి చేను చుట్టూ పాత చీరలు కడతారు కదా, అదే పద్ధతి. నాకేమో సూట్‌కేసులో అమ్మ పాత చీరలు ఎందుకు తెచ్చిందో అప్పటికిగాని అర్థం కాలేదు. గుంజలు పాతి మూడు చీరలు బిగించి కట్టాం. ఒకటి కనకాంబరం రంగుది, నా చిన్నప్పుడు అమ్మ బడికి వచ్చినప్పుడు కట్టుకునేది.

ఆరు రోజులు ఒక్క మొగ్గ పోలేదు. ఏడో రోజు కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, ఇంటి ముందు భాగంలో బట్టలు ఆరవేయడం నిబంధనలకు విరుద్ధమని. అమ్మకు తెలుగులో చెప్పాను. "ఆరవేయడానికి అవి తడిస్తే కదా!" అంది. ఆ మాటను ఇంగ్లీషులో రాసి పంపే ధైర్యం నాకు లేక చీరలు విప్పేశాను.

చీర ఎందుకు పనిచేసిందో మాత్రం తర్వాత తెలుసుకున్నాను. రంగు వల్ల కాదు. జింక కంటికి ఎరుపు, నారింజ రంగులు వేరుగా తెలియవు, నీలం బాగా తెలుస్తుంది. వేటగాళ్లు నారింజ రంగు కోటు వేసుకుని అడవిలో తిరగగలిగేది అందుకే. అమ్మ కనకాంబరం చీర దానికి ఏదో మట్టిరంగు గుడ్డ. అసలు సంగతి ఏమిటంటే, అవతల ఏముందో కనబడని చోటికి జింక దూకదు. ఎనిమిది అడుగుల తీగ కంచెను కూడా అవసరమైతే దాటేయగలదు గానీ, అయిదారు అడుగుల చెక్క దడి ముందు ఆగిపోతుంది. మా కాలనీలో కంచె ఆరడుగులు దాటకూడదు, అదీ పెరట్లోనే. చెక్క దడికి అడిగిన ధర విని ఆ పేజీ మూసేశాను.

ఇక మిగిలింది గుడ్డు. అంగట్లో అమ్మే జింకల మందుల్లో చాలావాటికి ఆధారం కుళ్లిన గుడ్డు పొడే. కుళ్లిన మాంసకృత్తుల గంధకపు వాసన సోకితే, దగ్గరలో మాంసం తినే జంతువు ఏదో ఉందని జింక అనుమానిస్తుంది. ఇంట్లో చేసుకోవాలంటే ఒక పాలు గుడ్లకు నాలుగు పాళ్లు నీళ్లు. మా ఇంట్లో గుడ్డు రాదు. అందుకని ఆ వంట మా ఆయన గ్యారేజీలో, అమ్మ గుడికి వెళ్లిన ఆదివారం చేశాడు. నేను వెల్లుల్లి, రెండు చెంచాల గుంటూరు కారం, ఆకుకు పట్టుకోవడానికి నాలుగు చుక్కల గిన్నెల సబ్బు అందించాను. రెండు రోజులు మూతపెట్టి ఉంచాం. అక్కడ చేసిన తప్పు ఒక్కటే, వడకట్టలేదు. గుడ్డు తెల్లసొన దారాలు పిచికారీ మూతిలో అడ్డుపడితే, మా ఆయన విప్పి ఊదాడు. ఎదురు ఊపిరి పీల్చాడో ఏమో, ఆ రోజు అన్నం తినలేదు. అమ్మ గుడి నుంచి వచ్చి గ్యారేజీ తలుపు దగ్గరే నిలబడి, "లోపల ఎలుక చచ్చింది, చూడండి" అంది. చూస్తామన్నాం.

మందు పనిచేస్తుంది. వేసవిలో, మేత కరువు లేనప్పుడు, మనసు పెట్టి నెలకోసారి కొడితే బాగా పనిచేస్తుంది. వాన పెద్దగా పడితే మళ్లీ కొట్టాలి. వసంతంలో కొమ్మ వారంలో జానెడు పెరుగుతుంది, ఆ జానెడుకు మందు లేదు, జింకకు కావలసిందీ ఆ జానెడే. చలికాలానికి ముందు, నవంబరులో నీళ్లు గడ్డకట్టని ఒక పూట చూసుకుని కొట్టాలి. తడి ఆరకముందే గడ్డకడితే అంటుకోదు. ఫిబ్రవరి ఆకలికి మాత్రం ఇదేదీ పూర్తి జవాబు కాదు. స్నానం సబ్బులు పాత సాక్సులో కట్టి వేలాడదీయమన్నారు, వేలాడదీశాను. సబ్బుకు రెండు మూరల దూరంలో ఉన్న కొమ్మలు మిగిలాయి, ఆ అవతలవి పోయాయి. అన్ని సబ్బులు కడితే కాలనీ వాళ్లు ఇంకో ఉత్తరం రాస్తారు.

చివరికి నేను చేసింది పెద్ద తెలివైన పనేమీ కాదు. ఇంటి ముందు బాక్స్‌వుడ్, పియరిస్ పెట్టాను. బాక్స్‌వుడ్ వాసన నాకూ నచ్చదు, జింకతో నాకు కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే. హోస్టాలు ఎవరికో ఇచ్చేశాను. నాకు తప్పనిసరిగా కావలసినవి, అంటే గులాబీలు ఆరు, మందారం ఒకటి, గోంగూర మడి ఒకటి, ఇవి పెరట్లో పంజరాల్లోకి వెళ్లాయి. అయిదడుగుల ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి, గుంజకు కట్టి, కొమ్మకూ జాలీకీ మధ్య అడుగు ఎడం వదలాలి. ఎడం లేకపోతే బయటికొచ్చిన ప్రతి ఆకునూ జాలీ కన్నంలోంచే లాగేస్తుంది. మొదట చవకని నల్ల నైలాను వల మొక్కల మీద కప్పాను. అందులో ఒక చిన్న పాము చిక్కుకుంది, కత్తెరతో విడిపించేసరికి నాకు చెమటలు పట్టాయి. మళ్లీ ఆ వల జోలికి పోలేదు.

పెరటి గట్టున కట్టిన సన్న తీగ కంచె చీకట్లో జింకకు కనబడదు, కనబడక గుద్దుకుంటే కంచే పోతుంది. దానికి తెల్లగుడ్డ పేలికలు కట్టాలి. అమ్మ తన తెల్ల నేత చీరను అంచు తీసేసి పేలికలుగా చింపి, మూరకొకటి చొప్పున ముడులు వేసింది. అవి వీధికి కనబడవు, ఉత్తరం రాలేదు.

అక్టోబరులో ఇంకో నష్టం. మూడేళ్ల మేపుల్ మొక్క బెరడు మోకాలి ఎత్తున నిలువునా లేచిపోయి ఉంది. ఇది తిండి గొడవ కాదు. మన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి, ఇక్కడి మగజింక మాత్రం ఏటా రాల్చి మళ్లీ మొలిపించుకుంటుంది. కొత్త కొమ్ము మీది తోలు ఊడగొట్టుకోవడానికి, ఆ తర్వాత జతకట్టే కాలంలో తన గుర్తు వదలడానికి లేత కాండాలకు గీరుతుంది. ముడతల ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి కాండానికి తొడిగాను. సెప్టెంబరుకు ముందే తొడగాలి.

ఒక జాగ్రత్త మాత్రం ఎవరికైనా చెబుతాను. పెరటి పని అయ్యాక మోకాలి వెనక, చెవి వెనక చూసుకోండి. మే, జూన్ నెలల్లో పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది. కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి పేరు పెట్టిన జబ్బు దాని వల్లనే. జబ్బు క్రిమి వాటికి అంటేది ఎక్కువగా ఎలుకల నుంచి, జింకలు పెద్ద పిడుదులను మేపి ఊరూరా తిప్పుతాయి. నా మోకాలి వెనక ఒకటి దొరికింది. సన్న పట్టుకారుతో తలను చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి తీశాను, డాక్టరుకు చూపించాను, ఏమీ కాలేదు.

మొన్న ఆదివారం అమ్మతో వీడియోలో మాట్లాడుతున్నాను. ఈ ఆగస్టులో గోంగూర బాగా వచ్చింది. పంజరం దగ్గరకు ఫోను తీసుకెళ్లి చూపించబోతే అవతల పక్క ఆ తల్లి జింక నిలబడి ఉంది, పదడుగుల దూరంలో. నన్ను చూసి చెవులు తిప్పింది గానీ కదలలేదు. ఒక గోంగూర కొమ్మ జాలీ దాటి నాలుగు వేళ్లు బయటికొచ్చింది. మెడ చాచి, దాన్ని పట్టి, తల విదిల్చింది. చిన్న శబ్దం వచ్చింది, అమ్మకు ఫోన్లో వినిపించిందట. "పుల్లగా ఉంటుందే, ఎలా తింటోంది?" అంది. జింక నమిలి, ఇంకొకటి ఏమైనా ఉందేమోనని కాసేపు చూసి, వాగు వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం గుంజ పీకి జానెడు బయటికి పాతాను.